చలికాలమునందు బలిసిన గుఱ్ఱమును కాపాడు విధము

ఖమ్మము, భద్రాచలము అటవీప్రాంతముల పట్టాదారులకును, గుఱ్ఱములను పోషించు ఇతర రైతులకును తెలియజేయునది

ఖమ్మము మెట్టపొలములకును భద్రాచలము అడవులకును నడుమనున్న గ్రామములలో పూర్వము గుఱ్ఱము వాహనమే గాని అలంకారము కాదు. వానకాలమున వాగులు పొంగి బండ్లు నడువని దినములలో పొలములు చూచుటకును, సంతకును, కచ్చేరికిని పోవుటకు పటేలునకు గాని గిర్దావరునకు గాని తట్టువయే ఆధారము. 1948లో నిజాము పాలన అంతరించిన పిదప కాలక్రమమున బాటలు పడి, మోటారు బండ్లు వచ్చి, ఆ పని తగ్గిపోయినది. దేశమంతటను ఇదే గతి. 2012 పశుగణనలో 6 లక్షలకు మించియున్న గుఱ్ఱములు, తట్టువలు 2019 గణన నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు దిగినవి. మన ప్రాంతమున మిగిలినవి ఎక్కువగ పెండ్లి ఊరేగింపులకును, సవారి వేడుకకును, ఇంటి గౌరవమునకును పోషింపబడుచున్నవి. పని తగ్గెను గాని మేత తగ్గలేదు. ‘గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు’ అను సామెత పనిలేని గుఱ్ఱమునకును చక్కగ చెల్లును.

చిక్కిన గుఱ్ఱమును చూచి యజమాని సిగ్గుపడును. బలిసిన గుఱ్ఱమును చూచి మురిసిపోవును. కాని మితిమీరిన కొవ్వు గుఱ్ఱమును కాళ్లవద్ద కూలద్రోయును. ఈ కీడు మన ప్రాంతమున చలికాలమునందే ఎక్కువగ పొంచియుండును. ఇది ఏల కలుగునో, ముందుగ ఎట్లు గుర్తింపవలెనో, ప్రాణహాని లేకుండ కొవ్వును ఎట్లు తగ్గింపవలెనో ఇందు వివరింపబడినది.

1. మన చలి గుఱ్ఱమును చిక్కింపదు

చలికాలమున పశువునకు ఒంటివేడి నిలుపుకొనుటకు మేత ఎక్కువ కావలెనని సామాన్యముగ తలచుదురు. శీతదేశములయందు ఈ మాట నిజమే. అచ్చట విడిగా తిరుగు తట్టువలు వేసవి పచ్చికవలన కొవ్వెక్కి, మంచు కురియు మాసములలో ఆ కొవ్వును కరగించుకొని, వసంతము నాటికి సన్నబడును. ఈ మార్పు ప్రకృతి కల్పించినదే.

మన ప్రాంతపు కాలగతి వేరు. వానలతో పచ్చిక మొలచును. కోతలతో చొప్ప, గడ్డి, గింజ ఇంటికి చేరును. వైశాఖ జ్యేష్ఠములలో మేత ఎండి అరుదగును. కావున ఇచ్చట పశువు సహజముగ చిక్కునది ఎండకాలముననే గాని చలికాలమున కాదు. వెచ్చని సీమలకు అలవాటుపడిన గుఱ్ఱము సుమారు 5 డిగ్రీల సెంటీగ్రేడు చలి వఱకు అదనపు మేత లేకయే వేడి నిలుపుకొనగలదు. గోదావరి తీరమున పుష్యమాసపు రాత్రులు సైతము 10 డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు. చలి పేరిట పెట్టిన అదనపు దాణా వేడికి ఖర్చుగాక కొవ్వుగ నిలిచిపోవును.

దీనికి తోడు ఆ దినములలో గుఱ్ఱమునకు పని ఉండదు. ధనుర్మాసమునను, శూన్యమాసమగు పుష్యమునను పెండ్లిండ్లు జరుగవు. కార్తీక మార్గశిరములలో ఊరేగింపులకు నడచిన గుఱ్ఱము, ముక్కోటి మొదలు మాఘము వఱకు కట్టుగొయ్యకు కట్టుబడియుండును. అదే సమయమున కళ్లములు నిండియుండును. ఎదుట మేత సమృద్ధి, వెనుక పని శూన్యము. బలుపునకు మూలమిదే.

కొవ్వెక్కిన గుఱ్ఱమునకు గొంగళి కప్పుటయు అనవసరము. గాలివాటు తప్పించు గోడయు, పొడినేలయు, మీద కప్పును ఉన్న చాలును. ముసలిది, రోగియైనది, వానకు తడిసినది, వెండ్రుకలు కత్తిరింపబడినది అయినచో మాత్రము కప్పవలెను.

2. అధికబలుపువలన కలుగు కీడు

గుఱ్ఱపు గిట్ట కేవలము కొమ్మువంటి డొల్ల కాదు. దానిలోపల ఎముక యున్నది. ఆ ఎముకను గిట్టగోడతో వందలకొలది సన్నని రేకులు అతికించి పట్టియుంచును. గుఱ్ఱపు బరువంతయు ఈ రేకులమీదనే వ్రేలాడుచుండును. మితిమీరి బలిసిన గుఱ్ఱములలో పెక్కింటి రక్తమునందు ఇన్సులిన్ అను ద్రవము హెచ్చును. మనుష్యులలో మధుమేహమునకు ముందు కలుగు స్థితి కొంత ఇట్టిదే. ఆ హెచ్చిన ఇన్సులిన్ రేకులను సాగదీసి బలహీనపఱచును. అవి విడిపోయినచో ఎముక తిరుగబడి క్రిందికి దిగును. ఒక్కొక్కప్పుడు అరికాలిని చీల్చుకొని బయటపడును. దీనిని వైద్యులు లామినైటిస్ అందురు. గుఱ్ఱము ఒక్కసారిగ గింజల బస్తాపై పడి కడుపునిండ తినినను ఈ వ్యాధి రాగలదు. కావున దాణా గదికి గొళ్లెము తప్పక యుండవలెను.

దీని గుర్తులు: గుఱ్ఱము ముండ్లపై నడచినట్లు అడుగులు వేయును, మలుపు తిరుగుటకు వెనుదీయును, ముందుకాళ్లు ముందునకు చాచి బరువును వెనుకకాళ్లపై మోపి నిలుచును, గిట్టలు వేడిగ నుండును, మడమపై నాడి గట్టిగ కొట్టుకొనును. ఈ గుర్తులు కనబడిన తక్షణమే గింజను పూర్తిగ మాని, ఎండుగడ్డియు నీరును అందుబాటున నుంచి, లోతుగ ఇసుక పఱచిన చోట నిలిపి, గిట్టలను మంచునీటితో చల్లబఱచుచు, పశువైద్యునికి కబురు పంపవలెను. ‘నడిపించిన సర్దుకొనును’ అని నడిపింపరాదు. ఆ నడకవలన మిగిలిన రేకులును తెగిపోవును.

ఇంకొక కీడు గలదు. పూర్తి దాణా తినుచు కదలక నిలిచిన గుఱ్ఱమును ఒక్కసారిగ పనికి దింపినచో, తుంటికండరములు కొయ్యవలె బిగిసి, చెమటలు పోసి, మూత్రము కాఫీ రంగుతో వెడలును. యూరపు దేశములలో బరువులు లాగు గుఱ్ఱములు ఆదివారము విశ్రమించి సోమవారము ఉదయము ఇట్లు పడిపోవుటచే దానికి సోమవారపు రోగమని పేరు వచ్చినది. మన ప్రాంతమున మాఘమాసపు మొదటి ముహూర్తమునకు తీసిన గుఱ్ఱమునకు ఈ అపాయము పొంచియుండును.

3. బలుపును గుర్తించుట

కంటికి కనబడు పొట్టనుబట్టి నిర్ణయింపరాదు. వరిగడ్డి మేసిన గుఱ్ఱమునకును, నులిపురుగులున్న గుఱ్ఱమునకును కడుపు జారియుండును గాని ప్రక్కటెముకలు లెక్కింపవచ్చును. అది బలుపు కాదు. చలికాలపు దట్టమైన వెండ్రుకలు ఎముకలను మరుగుపఱచును. కావున చేతితో తడవి చూడవలెను.

1983లో అమెరికాలోని టెక్సాసు ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ పండితుడు హెన్నెకీయును ఆయన సహచరులును 1 మొదలు 9 వఱకు అంకెలుగల ఒక కొలమానమును ప్రకటించిరి. అది నేడు లోకమంతట వాడబడుచున్నది. ఆ పద్ధతిలో మెడ, వీపుపై జబ్బలమధ్య ఎత్తు, భుజము వెనుకభాగము, ప్రక్కటెముకలు, నడుము, తోకమొదలు అను ఆరు చోట్ల తడవి చూతురు. ప్రక్కటెముకలు కంటికి కనబడక, వ్రేళ్లు ఆనించినంతనే తగిలినచో అంకె 5, ఇది మేలు. గట్టిగ నొక్కిన గాని తగులనిచో 7. ఎంత నొక్కినను తగులక, నడుమ గాడి పడి, తోకమొదట మెత్తని ముద్దలు నిలిచినచో 8 లేక 9, ఇది అపాయము. మెడపై జూలు క్రింద గట్టిపడిన కొవ్వు ఎత్తుగ లేచి, ప్రక్కకు వాలినచో దానిని ప్రత్యేకముగ గమనింపవలెను. ఇన్సులిన్ హెచ్చిన గుఱ్ఱములలో ఇది తఱచు కనబడు గుర్తు. ఊరివారు దీనిని వీరలక్షణమని మెచ్చుకొనినను యజమాని మోసపోరాదు.

4. టేపుతో తూకము తెలిసికొనుట

ప్రతి ఊరను పశువులను తూచు కాటా దొరకదు. దర్జీవాని టేపు చాలును. ముందుకాళ్ల వెనుకగ రొమ్ముచుట్టు కొలతను సెంటీమీటర్లలో తీయవలెను. పిదప భుజపు ముందుకొన నుండి పిఱుదు చివరి ఎముక వఱకు నిడివి కొలువవలెను. రొమ్ముచుట్టును దానితోనే గుణించి, వచ్చినదానిని నిడివితో గుణించి, 11,880 చేత భాగించినచో కిలోల తూకము ఇంచుమించుగ తేలును.

ఉదాహరణము: రొమ్ముచుట్టు 165, నిడివి 150 అనుకొనుడు. 165ను 165తో గుణింపగ 27,225. దీనిని 150తో గుణింపగ 40,83,750. దీనిని 11,880 చేత భాగింపగ సుమారు 344 కిలోలు.

ఈ లెక్క కొంత తప్పవచ్చును. కాని తూకము తగ్గుచున్నదో లేదో తెలియుటకు చాలును. పదునైదు దినముల కొకమాఱు, ఒకే వేళ, ఒకే మనుష్యుడు కొలిచి గోడమీద వ్రాసియుంచవలెను. దినము చూచు కన్ను మార్పును గ్రహింపజాలదు. గోడమీది అంకె గ్రహించును.

5. ఎంత మేత, ఎట్టి మేత

పెద్ద గుఱ్ఱము తనంతట విడిచిపెట్టినచో ఒంటితూకములో నూటికి 2 పాళ్లకు మించి ఎండుమేత తినును. సన్నబడవలసిన గుఱ్ఱమునకు తేమ తీసిన లెక్కలో నూటికి ఒకటిన్నర పాలు చాలును. పై ఉదాహరణములోని గుఱ్ఱమునకు ఇది దినమునకు ఐదున్నర, ఆరు కిలోల ఎండుగడ్డి యగును. వైద్యుని సలహా లేనిదే ఇంతకు తగ్గింపరాదు. ఈ మట్టునకు ఒక్కనాట దింపక రెండు వారములలో కొంచెము కొంచెముగ దింపవలెను. వారమునకు ఒంటితూకములో నూటికి అరపాలు మొదలు ఒక పాలు వఱకు, అనగ ఈ గుఱ్ఱమునకు సుమారు 2 మొదలు 3 కిలోల వఱకు తగ్గుట క్షేమము.

మేతల గుణదోషములు ఈ క్రింది విధమున నున్నవి.

ఉలవలు, జొన్నలు, శనగలు: ఇవి పనిచేయు గుఱ్ఱమునకు బలము. బలిసి ఊరకున్న గుఱ్ఱమునకు అనవసరము. ఉలవ గుగ్గిళ్లు మానినచో గుఱ్ఱము చచ్చునను భయము వలదు. గుఱ్ఱమునకు మూలాహారము గడ్డియే.

తవుడు: వరితవుడునందు నూనెయు పిండిపదార్థమును ఎక్కువ. అదిగాక భాస్వరము అధికమై సున్నపుధాతువు తక్కువగుటచే, చాలకాలము తవుడే ముఖ్యముగ తినిన గుఱ్ఱమునకు ఎముకలు గుల్లబారి ముఖము ఉబ్బును.

బెల్లము, ఎండిన ఇప్పపువ్వు: రెండును చక్కెరతో నిండినవి. అడవిపల్లెలలో ఇప్పపువ్వు ఇంటింట నిలువయుండును గనుక గుఱ్ఱమునకు అందని చోట భద్రపఱుపవలెను.

ఎండుగడ్డి: బాగుగ ముదిరి, విత్తు రాలిన పిదప కోసిన గడ్డి లేతగడ్డికంటె తక్కువ బలము గలది, మనకు కావలసినది అదియే. గఱుచు ముండ్లకంకులున్న అడవిగడ్డిని ఏరివేయవలెను. ముండ్లు నోటిని పుండు చేయును. బూజుపట్టినదానిని వాడరాదు. గడ్డిని అరగంట మొదలు ఒక గంట వఱకు చన్నీట నానబెట్టి, ఆ నీటిని పారబోసి వెంటనే పెట్టినచో చక్కెర కొంత దిగిపోవును. మన వేడిలో అంతకు మించి నానినచో పులియును.

వరిగడ్డి: బలము మిక్కిలి తక్కువ. మొత్తపు మేతలో మూడవవంతు వఱకు క్రమముగ కలుపవచ్చును. అంతకు మించినచో కడుపులో గడ్డకట్టి శూల రావచ్చును. పండ్లు అరిగిన ముసలి గుఱ్ఱమునకు వలదు.

జొన్నచొప్ప: పూర్తిగ ఎండినదానిని నరికి కొలదిగ పెట్టవచ్చును, తియ్యని కఱ్ఱ గలదానిని మానవలెను. కోసిన చేనిలో దుబ్బునుండి లేచు నాము మాత్రము విషము. అది ఎడ్లను చంపునట్లే గుఱ్ఱమునకును హాని చేయును. కావున కోసిన జొన్నచేలలో గుఱ్ఱమును విడువరాదు.

ఉప్పును ఖనిజమిశ్రమమును మానరాదు. దినమునకు 25 గ్రాముల ఉప్పును, వైద్యుడు చెప్పిన కొలది ఖనిజమిశ్రమమును పిడికెడు తడిపిన గడ్డిముక్కలలో కలిపి పెట్టవలెను. చలిదినములలో గుఱ్ఱము నీరు తక్కువ త్రాగును. ఎండుమేతతో నీరు చాలనిచో శూల వచ్చును. తొట్టిలో నీరు ఎల్లప్పుడు నిండియుండవలెను.

మేతను మానికతోను, బుట్టతోను కొలువరాదు. మానికెడు ఉలవలును మానికెడు తవుడును తూకమునకు సమానములు కావు. త్రాసుతో తూచి ఉదయమే ఆనాటి మేతనంతయు వేఱుచేయవలెను. పెట్టు చేయి ఒక్కటిగ నుండవలెను. సాయీసు ఒకసారి, ఇంటి పిల్లలు ఒకసారి, చుట్టపుచూపుగ వచ్చినవారు ఒకసారి ప్రేమతో పెట్టిన బెల్లపుముక్కలు, రొట్టెలు ఎవరి లెక్కలోను చేరవు. గుఱ్ఱపు ఒంటిలో మాత్రము చేరును.

6. ఉపవాసము ప్రాణాపాయము

ఇది అన్నిటికంటె ముఖ్యమగు విషయము. బలుపు కీడని వినినంతనే మేత మాన్పించు యజమాని గుఱ్ఱమును చంపుకొనును. బలిసిన తట్టువను, గాడిదను, చూలు గుఱ్ఱమును ఒక్కసారిగ పస్తుంచినచో ఒంటికొవ్వు వరదవలె రక్తములోనికి దిగి, కాలేయమును నింపివేయును. పశువు దిగులుగ నిలిచి, మేత ముట్టక, కొలది దినములలో మరణింపవచ్చును. తగ్గించు దినములలో గుఱ్ఱము మేతను నిరాకరించినచో ‘మంచిదే’ అని సంతోషింపక, ఆనాడే వైద్యుని పిలువవలెను. చూలు గుఱ్ఱమునకును పాలిచ్చుదానికిని ఇంటివద్ద మేత తగ్గింపరాదు.

గుఱ్ఱపు కడుపులో పులుసు ఎల్లవేళల ఊరుచుండును. ఆఱు గంటలకు మించి కడుపు వట్టిదైనచో పుండ్లు పడును. కావున తగ్గించిన మేతనే మూడు నాలుగు భాగములుగ పెట్టవలెను. చలికాలపు రాత్రి దీర్ఘమైనది గనుక పెద్దభాగము రాత్రికి ఉంచవలెను. సన్నకన్నుల వలలో గడ్డిని కట్టి వ్రేలాడదీసినచో గంటలో ముగియు మేత మూడు నాలుగు గంటలు నిలుచును. మేత తగ్గినను నోటికి పని తగ్గదు. గుఱ్ఱమునకు లాడములున్నచో కాలు చిక్కుకొనకుండ వలను ఎత్తుగ కట్టవలెను.

7. నడక

గిట్టనొప్పి లేని గుఱ్ఱమును వారమునకు ఐదు దినములైనను నడిపింపవలెను. మొదటి వారము ఇరువది నిమిషముల నడక, పిదప అరగంట, అటుపిమ్మట నడుమ నడుమ దుడుకు నడక. రెండు మూడు వారములు ఇట్లు సాధనచేసిన గుఱ్ఱము మాఘమాసపు ఊరేగింపునకు భయము లేక నిలుచును. కోసిన వరిమళ్లు నెఱ్ఱెలు విచ్చియుండును, కాలు ఇరుకుకొనును. బండ్లబాటయు, చదునైన గట్టును మేలు. అడవి అంచున పొగమంచు విడిచిన పిదప బయలుదేరి, చీకటిపడకముందే తిరిగి రావలెను; చిఱుతపులి తిరుగు చోట్ల రాత్రి గుఱ్ఱమును తలుపున్న కొట్టములోనే కట్టవలెను.

8. సన్నబడుటయంతయు శుభము కాదు

అడవిప్రాంతమున మఱియొక జాగ్రత్త అవసరము. వానకాలమందు జోరీగలు కుట్టుటవలన సుర్రా అను రక్తరోగము గుఱ్ఱములకు సోకును. ఆ రోగమున జ్వరము వచ్చుచు పోవుచుండును, కనురెప్పలలోపల తెల్లబారును, కడుపు అడుగునను కాళ్లలోను నీరు దిగి వాచును, మేత తినుచున్నను వీపు కండ కరగిపోవును. ఆ వాపును చూచి బలుపని మేత తగ్గించినచో రోగికి మఱింత కీడు. వ్రేలితో నొక్కినప్పుడు గుంట పడి నిలిచినచో అది కొవ్వు కాదు, నీరు. చెప్పిన కొలతకు మించి వేగముగ తూకము తగ్గినను, జ్వరమున్నను పశువైద్యునిచే రక్తము పరీక్ష చేయింపవలెను. సకాలమున గుర్తించినచో దీనికి మందు గలదు. నులిపురుగులకును, పండ్లకును సంవత్సరమున కొకసారియైనను పరీక్ష చేయించుట మంచిది.

9. మాసక్రమము

కార్తీకము: కోతలు మొదలగు వేళ గుఱ్ఱమును తడవి చూచి, కొలిచి, తూకము గోడమీద వ్రాయవలెను. అంకె 7 లేక అంతకు మించియున్నచో చూలు లేదని, రోగము లేదని నిశ్చయించుకొని ఈ పద్ధతి ఆరంభింపవలెను.

మార్గశిరము: గింజను క్రమముగ తగ్గించి మాన్పవలెను. గడ్డిని తూచి పెట్టుట అలవాటు చేయవలెను. ఊరేగింపు పని యున్న దినములలో గూడ గింజ హెచ్చింపనక్కఱలేదు. నెమ్మదిగ నడచిన ఊరేగింపు గుఱ్ఱమునకు గొప్ప శ్రమ కాదు.

పుష్యము: ఇది గడ్డుమాసము. పెండ్లిండ్లు లేవు, కళ్లములు నిండియున్నవి, సంక్రాంతి పిండివంటలు ఇంటనున్నవి. దినదినము నడక తప్పరాదు. పండుగనాడు గుఱ్ఱమునకు పసుపు, కుంకుమ, పూలు ఎంతయైనను పెట్టవచ్చును, అరిసెలు పెట్టరాదు.

మాఘము: తిరిగి కొలిచి చూడవలెను. 344 కిలోల గుఱ్ఱము మూడు మాసములలో 320 కిలోలకు దిగినచో మేలైన ఫలము. ప్రక్కటెముకలు వ్రేళ్లకు సులభముగ తగులుచున్నచో మేతను కొంచెము హెచ్చించి ఆ స్థితిలో నిలుపవలెను. ముందున్న ఎండకాలపు మేతకఱవునకు మఱీ చిక్కిన గుఱ్ఱము తాళజాలదు.

చక్కగ చూచుకొనిన గుఱ్ఱము ఇరువదియైదు సంవత్సరములు జీవింపగలదు. బలుపుచే గిట్టలు చెడినదానిని ఏ లాడముతోను పూర్వపు స్థితికి తెచ్చుట కష్టము. త్రాసు, టేపు, నడుపు మనుష్యుడు: ఈ మూడును ఏ పట్టాదారునకైనను అందుబాటున నున్నవే.